వీణకు మెట్లు నిలిపిన రఘునాథ నాయకుడు

హైదరాబాదు నగరమునందు అమీరుపేట, పంజాగుట్ట అను పేటలు ఒకదానినొకటి అంటియున్నవి. అమీరుపేట కంప్యూటరు విద్య గరపు శిక్షణాలయములకు పేరు వడసినది. అచట చదువుకొను యువకుడొకడు, వ్రేలితో తాకినంతనే పాడెడు అద్దపు పలకనొకదానిని నిర్మింప బూనెననుకొందము. మొదటి దినముననే అతనికి ఒక చిక్కు ఎదురగును. పలకపై స్వరములకు గీతలు గీసి స్థానములను నిలిపివేయవలెనా? లేక వ్రేలు పోయిన చోటునకెల్ల స్వరము కూడ కదలిపోవునట్లు విడిచిపెట్టవలెనా? గీతలు గీసినచో తప్పు పలుకదు. కాని పాట మరబొమ్మ నడక వలె నుండును. గీతలు లేకున్నచో పాట జీవముతో కదలును. కాని ప్రతిక్షణము శ్రుతి తప్పు భయముండును.

ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు. నాలుగువందల యేండ్లకు పూర్వము కావేరీతీరమున తంజావూరును పాలించిన తెలుగురాజు రఘునాథ నాయకుని కొలువులో వీణ విషయమున ఇదియే సమస్య యయ్యెను. అచట కుదిరిన పరిష్కారమే నేడు మన కచేరీలలో వినబడు 24 మెట్ల వీణ.

తంజావూరు నాయకరాజులు తెలుగువారు. విజయనగర సామ్రాజ్యమునకు సామంతులుగా ద్రవిడదేశమున వెలసిన ఈ వంశమునకు మూలపురుషుడు చెవ్వప్ప నాయకుడు. ఆయన కుమారుడు అచ్యుతప్ప నాయకుడు. అచ్యుతప్పకును మూర్తిమాంబకును పుట్టినవాడు రఘునాథుడు. ఇంటను కొలువునను తెలుగు వినబడుచుండెను. కోటవెలుపల ప్రజల నోట తమిళము. పండితుల సభలో సంస్కృతము. మూడు భాషల నడుమ పెరిగిన ఆ బాలునకు గోవింద దీక్షితుడను మహామంత్రి గురుస్థానమున నుండెను. దీక్షితుడు కన్నడదేశపు బ్రాహ్మణుడు. శాస్త్రములందును రాజనీతియందును సమానమైన నేర్పు గలవాడు. కుంభకోణమున మహామఖ తీర్థమునకు మెట్లును మండపములును కట్టించిన ఘనత ఆయనదే. కుంభకోణము మెట్లు కట్టించిన చేయియే వీణ మెట్ల విషయమునను పనిచేసెనని పలికినచో చమత్కారము వలె తోచునుగాని, అది చాల వరకు నిజము.

రఘునాథుడు చిన్ననాడే కత్తి పట్టవలసివచ్చెను. అప్పటికి తళ్ళికోట యుద్ధము ముగిసి విజయనగరము పాడుపడియుండెను. చక్రవర్తి వేంకటపతిరాయలు పెనుగొండను, చంద్రగిరిని ఆశ్రయించి శేషించిన రాజ్యమును కాపాడుకొనుచుండెను. గోలకొండ సేనలు పెనుగొండపైకి వచ్చినపుడు యువరాజుగా రఘునాథుడు చక్రవర్తికి తోడుపడెనని ఆనాటి కావ్యములు వర్ణించుచున్నవి. ఆ సమయముననే చక్రవర్తి చెరలో నున్న సెంజి కృష్ణప్ప నాయకుని ఆయన విడిపించెను. కృష్ణప్ప కృతజ్ఞుడై తన కూతురినిచ్చి వివాహము చేసెను. ఈ కృష్ణప్పయే పిదప శత్రువుల పక్షమున నిలిచి అల్లునిపై కత్తి దూసెను.

1600 ప్రాంతమున అచ్యుతప్ప కుమారునకు పట్టము కట్టెను. 1614లో వేంకటపతిరాయలు మరణించుటతో సామ్రాజ్యమున అల్లకల్లోలము పుట్టెను. జగ్గరాయడను సామంతుడు కొత్త చక్రవర్తి శ్రీరంగరాయలను కుటుంబముతో కూడ చంపించెను. ఆ కుటుంబమున రామదేవుడను బాలుని మాత్రము వెలుగోటి యాచమ నాయకుడు రహస్యముగా తప్పింపగలిగెను. బాలుని పక్షము వహించుటకు దక్షిణమున నాయకరాజులలో ముందుకు వచ్చినవాడు రఘునాథుడు. మధుర నాయకుడును, సెంజి నాయకుడును జగ్గరాయని వైపు చేరిరి. 1616 ప్రాంతమున కావేరి ఆనకట్టకు సమీపమున తోపూరు వద్ద గొప్ప యుద్ధము జరిగెను. జగ్గరాయడు అందు కూలెను. రామదేవుడు చక్రవర్తి యయ్యెను.

ఆ యేండ్లలోనే యూరపు వర్తకులు కోరమండల తీరమునకు వచ్చుచుండిరి. 1620లో డెన్మార్కు దేశీయులు రఘునాథునితో ఒడంబడిక చేసికొని తరంగంబాడిలో కోట కట్టుకొనిరి. ఆ సందర్భమున డెన్మార్కు రాజునకు ఆయన పంపిన జాబు బంగారు రేకుపై చెక్కబడినది. అది నేటికిని ఆ దేశపు పత్రాగారమున భద్రముగా నున్నది.

ఇన్ని యుద్ధముల నడుమ ఈ రాజునకు వీణపై చేయి వేయుటకు తీరిక యెక్కడిదని మనకు సందేహము కలుగక మానదు. కాని ఆయన తీరిక చేసికొనెను. తెలుగున వాల్మీకి చరిత్రము, రామాయణము మొదలగు కావ్యములు రచించెను. చేమకూర వేంకటకవి తన విజయవిలాసమును ఆయనకే అంకితమొనర్చెను. ఆయన సభలో స్త్రీలు పండితులతో సమానముగా కూర్చుండిరి. రామభద్రాంబ రాజు చరితమును రఘునాథాభ్యుదయమను సంస్కృత కావ్యముగా వ్రాసెను. మధురవాణి ఆయన తెలుగు రామాయణమును సంస్కృతమునకు మార్చెను. రాజు స్వయముగా వైణికుడు. జయంతసేన యను రాగమును, రామానంద మను తాళమును కల్పించినవాడని ఆయనకు ప్రసిద్ధి. కుంభకోణమున రామస్వామి ఆలయము ఆయన కాలముననే కట్టబడెను. అచటి ఆంజనేయుని చేతిలో గద లేదు. ఒక చేత వీణ, ఒక చేత రామాయణ గ్రంథము గలవు. ఆ శిల్పమును చూచినవారికి అది కట్టించిన రాజు మనసు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక వీణ సంగతికి వత్తము.

తంత్రిని మీటినచో ఒక స్వరము పలుకును. తంత్రిని మెట్టుపై నొక్కి దాని నిడివిని తగ్గించినచో హెచ్చు స్వరము పలుకును. నిడివిని సరిగ సగము చేసినచో అదే స్వరము పై స్థాయిలో వినబడును. ఈ రెండింటి నడుమ మన సంగీతమునకు పండ్రెండు స్వరస్థానములు కావలెను. అయితే ఒక్కొక్క రాగమునకు పండ్రెండును అక్కరలేదు. ఏడు చాలును, కొన్నింటికి అయిదే చాలును. అందుచేత పూర్వపు వైణికులలో పలువురు వీణపై కొలది మెట్లనే ఉంచి, వాయింపబోవు రాగమును బట్టి వానిని ముందుకు వెనుకకు జరుపుకొనుచుండిరి. ఇది సులువైన ఉపాయమే. మెట్లు తక్కువగుటచే వ్రేలు తడబడదు. రాగమునకు కావలసిన స్వరమును వెండ్రుకవాసి తేడా లేకుండ కుదుర్చుకొనవచ్చును. ఉత్తరదేశపు సితారులో నేటికిని మెట్లు దారముతో కట్టబడి జరుపుటకు వీలుగా నుండును. వాదకుడు రాగము మార్చినపుడు కొన్ని మెట్లను సవరించుకొనుట మనము చూడవచ్చును.

ఈ పద్ధతికి ఒక గొప్ప లోపము గలదు. ఒక రాగము పాడి వెంటనే వేరొక రాగమునకు పోవలెనన్న మెట్లు జరుపువరకు సభ ఆగవలెను. ఒకే కృతిలో రాగములు మారినచో వీణ చేతులెత్తవలసినదే. గాయకుని కంఠమునకు ఈ బాధ లేదు. కంఠము చేయగల పనిని వీణ చేయలేకున్నచో అది ఎన్నటికిని పాటకు వెనుక నడచు దాసియే యగును.

ఇందులకు దారి రఘునాథునికి ముందే ఆలోచింపబడినది. తెలుగువాడైన రామామాత్యుడు 1550లో, అళియ రామరాయల కోరికపై, స్వరమేళకళానిధి యను గ్రంథమును వ్రాసెను. ఒక్క రాగమునకు సరిపోవు ఏకరాగ మేళ వీణ యనియు, అన్ని రాగములను పలుకు సర్వరాగ మేళ వీణ యనియు ఆయన వీణలను రెండు తెరగుల చేసి చెప్పెను. ఆలోచన గ్రంథమున నున్నది. దానిని రాజసభలో చేతివాద్యముగా స్థిరపరచుట తంజావూరున జరిగెను. ఒక్కొక్క స్థాయికి 12 మెట్లు, రెండు స్థాయిలకు 24 మెట్లు. ఏ మెట్టును జరుపనక్కరలేకుండ దండిపై నిలిపివేయుట - ఈ ఏర్పాటు రఘునాథుని కాలమున రూపొందెనని సంగీతజ్ఞులు చెప్పుదురు. అందుచేతనే దానికి తంజావూరు వీణ యనియు రఘునాథ వీణ యనియు పేరులు వచ్చినవి. గోవింద దీక్షితుని కుమారుడు వేంకటమఖి తన గ్రంథమున వీణల భేదములు చెప్పుచు ఒకదానిని రఘునాథేంద్ర మేళ వీణ యని రాజు పేరుతోనే పిలిచెను.

నేటి వీణను చేతికి తీసికొని పరిశీలించినచో ఈ ఏర్పాటు తెలియును. పనసకొయ్యతో తొలిచిన కుండ, దానినుండి సాగిన దండి, దండి చివర యాళి ముఖము, దాని క్రింద ఆనువుగా చిన్న బుర్ర. కుండపై గుర్రము మీదుగా నాలుగు తంత్రులు మెట్లపై సాగును; ప్రక్కనున్న మూడు తంత్రులు తాళమునకు. బిరడలు త్రిప్పి శ్రుతి చేయుదురు. మెట్లు గుర్రము వైపు పోవుకొలది దగ్గరదగ్గరగా నుండును. ఏల? ప్రతి మెట్టును మిగిలిన తంత్రిలో దాదాపు ఒకే పాలును తగ్గించును. తంత్రి చిన్నదగుకొలది ఆ పాలు కూడ చిన్నదగును. పండ్రెండవ మెట్టు తంత్రికి సగములోను, ఇరువదినాలుగవ మెట్టు మిగిలిన నాలుగవ వంతులోను నిలుచును. ఏడవ మెట్టున పంచమము పలుకును. నాలుగు తంత్రులమీద కలిపి మూడున్నర స్థాయిలు వాయింపవచ్చును.

ఇంతవరకు చూచినది గీతలు గీసిన పలక మాత్రమే. మెట్లు కదలవు గనుక స్వరములును కదలకుండినచో మన సంగీతము బ్రదుకజాలదు. మన రాగమునకు ప్రాణము గమకము. స్వరము ఊగవలెను, జారవలెను, ప్రక్క స్వరమును తాకి రావలెను. మెట్లను జరుపుట మానినపుడు ఆ స్వేచ్ఛ ఎక్కడికి పోయెను? వ్రేలికి పోయెను. వైణికుడు ఎడమచేతి చూపుడువ్రేలితోను, నడిమివ్రేలితోను తంత్రిని మెట్టుపై నొక్కి, అంతటితో ఆగక మెట్టు వెంబడి ప్రక్కకు లాగును. లాగినకొలది తంత్రి బిగువు హెచ్చును. బిగువుతో స్వరము హెచ్చును. ఒక్క మెట్టుపైననే, ఒక్క మీటుతోనే, మూడు నాలుగు స్వరస్థానముల పైవరకు నేర్పరియైన వైణికుడు పోయి రాగలడు. కుడిచేయి ఒకసారి మీటి ఊరకుండగా ఎడమచేయి పాడుచుండును. పెద్ద అక్షరమును ముందు వ్రాసి, పిదప దానికి ఒంపులు దిద్దినట్లు.

కాబట్టి ఆ వీణను తీర్చినవారు చిక్కును రెండుగా విడదీసిరి. శ్రుతిస్థానమను నేల నిలువవలెను. దానిపై నడక స్వేచ్ఛగా నుండవలెను. నేలను మెట్లకు అప్పగించిరి. నడకను వ్రేలికి విడిచిరి. ఇందు మరియొక సూక్ష్మము గలదు. లాగబడిన తంత్రి ఊరకుండదు, వెనుకకు లాగును. ఎంత హెచ్చు స్వరము కావలెనో అంత బలముగా అది వ్రేలిని ఎదిర్చును. ఎంత లాగితినో చెవి చెప్పులోపలనే వ్రేలు తెలిసికొనును. వైణికుల వ్రేళ్ళపై తంత్రి గాట్లు పడి చర్మము కాయ కాచుట ఈ తెలివికి చెల్లించు మూల్యము.

లాభముతో పాటు నష్టము లేదని చెప్పరాదు. మెట్లు కదలునపుడు ఒక రాగమునందలి స్వరమును సూక్ష్మముగా ఆ రాగమునకే తగినట్లు నిలుపుటకు వీలుండెను. స్థిరమైన 12 స్థానములలో అన్ని రాగములకు ఒకే మెట్టు చాలవలెను. మెట్టు చూపిన స్వరముతో తృప్తిపడి గమకము నేర్వని శిష్యునికి ఏ రాగమైనను ఒకే తీరున చప్పగా నుండును. పాత వీణ రాగమునెరిగినవానికి మాత్రమే లొంగెను. కొత్త వీణ అందరికిని లొంగినట్లు కనబడి, వ్రేలి నేర్పు గలవానికి మాత్రమే తన సొమ్మునిచ్చెను. నాకు తోచినంతలో ఈ నష్టమును సహించుటయే మేలయినది. లేనిచో ఒకే కచేరీలో పది రాగములను వీణపై వినుభాగ్యము మనకుండెడిది కాదు.

ఈ కీర్తి యంతయు రాజునకే కట్టబెట్టుట న్యాయమా? సంగీతసుధ యను సంస్కృత గ్రంథము రఘునాథుని పేర వెలసినది. విద్యారణ్యుల సంగీతసారము నేడు లభింపకున్నను, అందు చెప్పబడిన 15 మేళములును 50 రాగములును ఈ సంగీతసుధ మూలముననే మనకు తెలియుచున్నవి. అయితే దానిని వ్రాసినవాడు తన తండ్రి గోవింద దీక్షితుడేయని వేంకటమఖి తెలిపెను. మంత్రి వ్రాసి రాజు పేర వెలయించుట ఆ కాలపు మర్యాద. మరి కొయ్య తొలిచిన వడ్రంగుల పేరులు ఏ గ్రంథమునను లేవు. పండితుడు లెక్క కట్టెను, వడ్రంగి మెట్టు నిలిపెను, రాజు వాయించి చూచి మెచ్చెను లేదా మార్చుమనెను. వాయించుట తెలిసిన రాజు కాకపోయినచో ఆ మూడవ పని జరిగెడిది కాదు. రఘునాథునికి ఈయవలసిన గౌరవము అక్కడ నున్నదని నేననుకొందును.

పండ్రెండు మెట్లు స్థిరపడుటతో ఆలోచన మరియొక అడుగు ముందునకు పోయెను. రఘునాథుని కుమారుడు విజయరాఘవ నాయకుని ప్రోత్సాహమున వేంకటమఖి చతుర్దండిప్రకాశిక యను గ్రంథమును రచించెను. పండ్రెండు స్థానములనుండి ఏడేసి స్వరములను క్రమము తప్పకుండ ఏరినచో ఎన్ని మేళములగునో ఆయన లెక్కకట్టి 72 అని తేల్చెను. ఆనాటికి వాడుకలోనున్న మేళములు 19 మాత్రమే. మిగిలినవి అప్పటికి ఎవరును పాడనివి. అయినను వీణపై వాని చోటులన్నియు అప్పటికే సిద్ధముగా నుండెను. తరువాతి కాలమున ముత్తుస్వామి దీక్షితులవంటి వైణికులు ఆ సంప్రదాయమున కృతులు రచించిరి.

ఇతర దేశములయందును వ్రేలికిని వాద్యమునకును నడుమ ఇట్టి బేరమే జరుగుచుండెను. ఇటలీలో 1700 ప్రాంతమున క్రిస్టోఫోరి యను శిల్పి పియానోను నిర్మించెను. అంతకు ముందున్న మెట్టపలకల వాద్యము, మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను, ఇంచుమించు ఒకే ధ్వనిని ఇచ్చుచుండెను. క్రిస్టోఫోరి తంత్రిని గిల్లుటకు మారుగా చిన్న సుత్తితో కొట్టు ఉపాయము కనుగొని, వ్రేలి బలమును బట్టి ధ్వని హెచ్చుతగ్గులగునట్లు చేసెను. కాని పియానోలో స్వరమును వంచుటకు దారి లేదు. 1983లో విద్యుద్వాద్యములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు మిడి యను ఒడంబడిక ఏర్పడెను. అందు వ్రేలి దెబ్బను 127 వరకు అంకెలతో కొలిచిరి. స్వరమును వంచుటకు ఒక చక్రమును పెట్టిరి. ఆ చక్రము త్రిప్పినచో ఒక మార్గమున పలుకుచున్న స్వరములన్నియు ఒక్కసారిగా వంగును. ఒక్కొక్క వ్రేలి స్వరము వేరువేరుగా వంగుటకు తగిన ఏర్పాటు 2018లో గాని ఆ ఒడంబడికలో చేరలేదు. మన వీణపై ఒక తంత్రిని లాగినపుడు ప్రక్కతంత్రి కదలకుండుట మొదటినుండియు నున్నదే గదా!

అమీరుపేట యువకుని అద్దపు పలక వ్రేలి చోటును కొలువగలదు, వ్రేలు ప్రక్కకు జరుగుట కొలువగలదు. పండ్రెండు చోటులలో వ్రేలు పడినపుడు స్వరము శుద్ధముగా నిలిచి, వ్రేలు ప్రక్కకు జరిగినపుడు మాత్రము పైకి సాగునట్లు అతడు ఏర్పాటు చేసినచో రఘునాథ వీణ పద్ధతినే అనుసరించినవాడగును. కాని అద్దము వ్రేలిని వెనుకకు లాగదు. ఆ ఎదురుబలమును దేనితో కల్పింపవలెను - మెత్తని రబ్బరుతోనా, బిగించిన తీగెతోనా - అనునది అతడు తీర్చుకొనవలసిన చిక్కు.

రఘునాథుడు 1634 ప్రాంతమున మరణించెను. విజయరాఘవుడు తండ్రివలెనే కవి, సంగీతప్రియుడు. తండ్రివలె యుద్ధమునందు గట్టివాడు కాడు. 1673లో మధుర చొక్కనాథ నాయకుని సేనలు తంజావూరును ముట్టడింపగా ఆయన పోరాడి మరణించెను. రెండు మూడేండ్లకే నగరము మరాఠీ ప్రభువైన ఏకోజీ వశమయ్యెను. నాయకరాజుల తెలుగుకొలువు ముగిసెను. కొత్త ప్రభువులు వీణను విడువలేదు. వారి కాలముననే తంజావూరు సీమలో త్యాగరాజస్వామి మొదలగువారు వెలసిరి.

వీణలు చేయు వృత్తి నేటికిని తంజావూరున నున్నది. మన సీమలో బొబ్బిలి చెంత గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు ఒకే పనసమానునుండి వీణను తొలుచుచున్నారు. కొయ్యపని ఎంత నునుపుగా ముగిసినను, మెట్లు నిలుపువరకు అది వీణ కాదు. ఆ పనికి మేళము కట్టుట యని పేరు. దండికి ఇరువైపుల నల్లని మసి కలిపిన మైనమును పోసి, అది మెత్తగా నుండగనే లోహపు మెట్లను ఒక్కొక్కటిగా నాటుదురు. లెక్క ప్రకారము మెట్టు ఎక్కడ పడవలెనో చెప్పవచ్చును. కాని తంత్రి దళసరియు బిగువును లెక్కను కొంచెము తప్పించును. అందుచేత మేళము కట్టువాడు ప్రతి మెట్టుపైనను తంత్రిని మీటి, చెవి యొగ్గి విని, మైనము గట్టిపడులోపల మెట్టును గోటితో ఒక వెండ్రుకవాసి జరుపును. కొన్నియేండ్లకు ఎండ వేడికి మైనము సడలి మెట్లు వాలును. అప్పుడు ఆ మైనమునంతయు గీకివేసి, మరల ఇరువదినాలుగు మెట్లను మొదటినుండి నిలుపుదురు.